కుడి మోకాలు

జూన్ 2, సోమవారం

బండి ఎప్పుడెప్పుడు వేడెక్కుతోందో ఒకచోట రాసిపెట్టమన్నాడు మెకానిక్. అందుకే ఈ నోట్‌బుక్. ఇందులో బండి సంగతి తప్ప ఇంకేమీ రాయను.

ఉదయం ఎనిమిదిన్నరకు బయల్దేరాను. ప్రెస్సు ఇంకా రెండు సిగ్నళ్ళు ఉందనగా వేడి చూపించే ముల్లు ఎర్ర గీత దాటింది. బానెట్ అంచుల్లోంచి ఆవిరి. పక్కనున్న లారీ డ్రైవరు తల బయటపెట్టి, "అమ్మా, పక్కకి తియ్యండి, ఇంజన్ పట్టేస్తుంది!" అని అరిచాడు. తీశాను. కంగారు పడలేదు. తాళంచెవి బండికే వదిలేసి రోడ్డవతలికి వెళ్ళి నిలబడ్డాను, అది వేరే సంగతి.

నేను నడపడం మొదలుపెట్టి మూడు వారాలు. ఇది నాలుగోసారి. ఆయన చేతిలో తొమ్మిదేళ్ళుగా ఒక్కసారీ మరగలేదు. బండికి కూడా నేనంటే లోకువే.

జూన్ 3, మంగళవారం

బండి తియ్యలేదు. చెల్లి ఫోన్ చేసింది.

"అక్కా, ఆ డొక్కు ఇంకా ఎందుకు? మీ మరిది ఒకాయన్ని చూశారు. ఇరవై రెండో తారీఖు, ఆదివారం, వచ్చి తీసుకెళ్తాడట."

"తుక్కుకేనా?"

"తుక్కుకో దేనికో. బావగారు పోయాక నాలుగు నెలలు కవరు కప్పి ఉంచావు, బాగానే ఉంది. తీసిన దగ్గర్నుంచీ నిన్ను నడిరోడ్డు మీద నిలబెడుతోంది. నిప్పంటుకుంటే ఎవరు చూస్తారు నిన్ను?"

"ఆదివారంలోపు బాగైతే ఉంచుకుంటాను. బాగవకపోతే తీసుకెళ్ళమను."

పంతానికి అనేశాను. ఎందుకు ఉంచుకోవాలని అడిగితే, బస్సులో ప్రెస్సుకు ఆలస్యమవుతుందని చెప్పాను. బస్సు మా వీధి చివరే ఆగుతుంది, ప్రెస్సు గేటు ముందే దించుతుంది. చెల్లికి ఆ విషయం తెలుసు. పాపం, సరేలే అంది.

జూన్ 5, గురువారం

గాజు తలుపుల షాపులో బండి ఇచ్చి తెచ్చుకున్నాను. ఈ నోట్‌బుక్ రాయమన్నది అక్కడి మెకానిక్కే. మెడలో గుర్తింపు కార్డు వేసుకుంటాడు, మాటకోసారి "చూడండి మేడమ్" అంటాడు. రేడియేటర్ కడిగించాడు. అందులో పోసే కూలెంట్ మార్చాడు. రేడియేటర్ మూత మార్చాడు. థర్మోస్టాట్ కూడా మార్చాడు. ఇంజన్లోని వేడినీళ్ళను రేడియేటర్‌కి వదిలే చిన్న తలుపులాంటిదట అది.

"చూడండి మేడమ్, ఇక మీరు నిశ్చింతగా నడుపుకోండి."

"అసలు తప్పెక్కడుందో తెలిసిందా?"

"అన్నీ మార్చేశాం కదా మేడమ్."

నేను ప్రెస్సులో ప్రూఫులు దిద్దే మనిషిని. ఇరవై ఎనిమిదేళ్ళుగా అదే పని. తప్పెక్కడుందో తెలియక పేజీ మొత్తం మళ్ళీ కంపోజ్ చేయించినట్టుంది ఇతని వైద్యం. చెప్పేవాడికి వినేవాడు లోకువ. విని వచ్చాను.

జూన్ 6, శుక్రవారం

ఈరోజు మరగలేదు. ఎక్కడికీ వెళ్ళలేదు.

జూన్ 8, ఆదివారం

పొద్దున్నే లేచి బండి తుడిచాను. మధ్యాహ్నం ప్రూఫులు తీసుకుని బండిలో కూర్చున్నాను, ఎడమ సీట్లో. ఇంట్లో కరెంటు లేదు. ఉంది. కానీ బండిలో వెలుతురు బాగుంటుంది.

డ్రైవరు సీటు ఆయన కూర్చునేచోట గుంటపడింది. నడిపేటప్పుడు దాని మీద దిండు వేసుకుంటున్నాను, నా ఎత్తు చాలదు కనుక. గుంట చెరిగిపోతుందని కాదు.

బండి చరిత్ర కూడా రాయాలేమో. తొమ్మిదేళ్ళ కిందట బైపాస్ మీద ట్రాఫిక్‌లో ఒకసారి ఇలాగే మరిగింది. ఆవిరి చూసి నేను తలుపు తీసుకుని దూకినంత పని చేశాను. "నన్ను తగలబెట్టడానికి కొన్నారా దీన్ని? ఈ జన్మలో ఇక ఎక్కను" అని బస్సెక్కి ఇంటికొచ్చేశాను. ఆయన బండిని తాడు కట్టించి లాక్కొచ్చుకున్నారు. వారం రోజులు నేను బస్సులోనే వెళ్ళాను. ఎనిమిదోరోజు ప్రెస్సు గేటు దగ్గర బండి పెట్టుకుని నిలబడ్డారు.

"కొత్త పార్టు వేయించానోయ్. ఇక జన్మలో మరగదు. ఎక్కు."

ఎక్కాను. నిజంగానే మళ్ళీ మరగలేదు. ఆయన మాటంటే మాట.

ఆయనకు మోకాలి నొప్పి మొదలైంది కూడా ఆ రోజుల్లోనే. సిగ్నల్ దగ్గర బండి ఆగితే చాలు, వంగి కుడి మోకాలు నొక్కుకునేవారు. పెడలు తొక్కి తొక్కి వచ్చిందన్నారు. డాక్టరు దగ్గరికి వెళ్దామంటే, "ఏ డాక్టరూ నీ చేతికి సరిరాడు" అనేవారు. రోజూ సాయంత్రం ఆయన తన షాపు కట్టేసి వచ్చాక, గోరువెచ్చని నూనెతో పావుగంట మర్దన చేసేదాన్ని. ఒకసారి పరధ్యానంగా ఎడమ మోకాలికి రాస్తూ కూర్చున్నాను. కళ్ళు మూసుకుని హాయిగా ఉందన్నారు. నొప్పి దానికీ పాకింది కాబోలు. మనిషి పైకి చెప్పుకునేవారు కాదు.

ఇదంతా ఎందుకు రాశాను? బండి చరిత్రలో భాగమే. పెడలు వల్ల వచ్చిన నొప్పి కనుక.

జూన్ 9, సోమవారం

వెళ్ళేటప్పుడు రోడ్డు ఖాళీ. ముల్లు సగం దగ్గరే నిలబడింది. వచ్చేటప్పుడూ అంతే. గాజు తలుపుల అతన్ని అనవసరంగా తిట్టుకున్నాను.

జూన్ 11, బుధవారం

తిట్టుకోవడంలో తప్పులేదు. రైలు గేటు పడింది, బండి ఆరు నిమిషాలు ఆగింది, మరిగింది. వెనక వాళ్ళ హారన్లు. ఒకాయన దిగొచ్చి, "నడపడం రాకపోతే ఇంట్లో కూర్చోవచ్చుగా" అన్నాడు. ఇంట్లోనే కూర్చున్నాను నాయనా, నాలుగు నెలలు. కూర్చుంటే ఎలా ఉంటుందో నీకేం తెలుసు అనాలనిపించింది.

గాజు తలుపుల షాపుకు తోయించుకుని వెళ్ళాను. అతను రెండు నిమిషాలు చూసి పెదవి విరిచాడు.

"చూడండి మేడమ్, హెడ్ గాస్కెట్ పోయుంటుంది. ఇంజన్ దించి విప్పాలి. మూడు వారాలు పడుతుంది. నన్నడిగితే ఈ బండికి అంత వైద్యం దండగ. మీకు మాత్రం ఇంత పాత బండి ఎందుకు చెప్పండి?"

కందకు లేని దురద కత్తిపీటకెందుకు? తాళంచెవి లాక్కుని బండి బయటపెట్టించాను. కానీ ఇంటికొచ్చాక లెక్క వేసుకున్నాను. మూడు వారాలంటే ఇరవై రెండో తారీఖు దాటిపోతుంది.

బైండింగ్ సెక్షన్ పెద్దాయన ఒక మాట చెప్పాడు. పాత బస్టాండు వెనక ఒక ముసలి మెకానిక్ ఉన్నాడట. ఇంజన్ మీద స్క్రూడ్రైవరు ఆనించి, పిడి చెవికి పెట్టుకుని వింటాడట. అందరూ చెవి మేస్త్రి అంటారట. "విప్పమంటే తిడతాడు మేడమ్. విన్నాకే విప్పుతాడు" అన్నాడు.

జూన్ 13, శుక్రవారం

బస్సులో వెళ్ళాను. రద్దీ. ఎవరో ముసలావిడ భుజం నా భుజానికి ఆనుకుని, తొమ్మిది స్టాపులూ అలాగే ఉంది. ఖాళీ వచ్చినా నేను జరగలేదు. జనవరిలో అందరూ నన్ను పట్టుకుని ఏడ్చారు. ఆ వారం దాటాక నన్నెవరైనా తాకడం ఇదే.

ఇది బండి సంగతి కాదు. కొట్టెయ్యాలి.

జూన్ 16, సోమవారం

మొన్న శనివారం చెవి మేస్త్రి షెడ్డుకు వెళ్తే తాళం. ఇంకా ఆరు రోజులు. చెల్లి అడిగితే, దాదాపు బాగైపోయిందని చెప్పాను.

జూన్ 17, మంగళవారం

మధ్యాహ్నం నుంచి సెలవు పెట్టి వెళ్ళాను. రేకుల షెడ్డు, గోడంతా వేలాడే పాత బెల్టులు. చెవి మేస్త్రికి డెబ్బై ఉంటాయి. బానెట్ ఎత్తలేదు. ముందు నాకు స్టూలు వేసి, తను టైరు మీద కూర్చున్నాడు.

"ఎప్పుడు వేడెక్కుద్దమ్మా?"

నోట్‌బుక్ తీసి చదివాను. సిగ్నల్, రైలు గేటు. బండి సంగతులు మాత్రమే చదివాను.

"పోతున్నప్పుడు?"

"పోతున్నప్పుడు ఏమీ లేదు. ముల్లు దిగుతుంది కూడా."

మేస్త్రి నవ్వాడు. "నిజం నిలకడ మీద తెలుస్తుందంటారు, చూశారా. సగం జబ్బు మీరే రాసుకొచ్చారు. బండి పరిగెడితే ఎదురుగాలి రేడియేటర్‌ని చల్లార్చుద్ది. ఆగితే గాలెక్కడిది? ఫాను తిరగాలి."

"గాస్కెట్ పోయిందన్నారు."

"ఎవరూ, ఆ గాజు తలుపులాయనా?" ఇంజన్ ఆయిల్ పుల్ల బయటికి లాగి నా ముందు పెట్టాడు. "గాస్కెట్ పోతే నీళ్ళు కలిసి ఇది పాలలా తెల్లగా అవ్వాలి. ఇదేమో నల్లగా నిగనిగలాడతా ఉంది. ఇంజన్‌కి ఏం రోగం లేదమ్మా."

బండి స్టార్ట్ చేసి అలాగే వదిలేశాడు. ఇద్దరం ముల్లు వంక చూస్తూ కూర్చున్నాం. పది నిమిషాలు, పదిహేను. ముల్లు ఎక్కుతోంది. ముందున్న ఫాను కదల్లేదు. మేస్త్రి బ్యాటరీ నుంచి రెండు వైర్లు తెచ్చి ఫానుకు తగిలించాడు. గుర్రుమని తిరిగింది.

ఆ చప్పుడు నాకు తెలుసు. ఎన్నోసార్లు విన్నాను. ఏమిటా చప్పుడని ఒకసారి అడిగితే ఆయన రేడియో గొంతు పెంచారు.

"ఫాను బంగారంలా ఉంది. మరి దీన్ని తిప్పేవాడు ఏడి?" అంటూ మేస్త్రి ఒక వైరు పట్టుకుని వెతుక్కుంటూ పోయాడు. "ఇదేంటమ్మా, లోపలికి పోతా ఉంది?" అది ఇంజన్ వెనక గోడలోంచి బండి లోపలికి వెళ్ళింది. మేస్త్రి డ్రైవరు తలుపు తీసి, టార్చి వేసి, తల కిందికి పెట్టి చూశాడు. పగలబడి నవ్వాడు.

"కొండను తవ్వి ఎలుకను పట్టాం. రండి, చూడండి."

డాష్‌బోర్డు కింద, కుడి మూలన, తలుపు వైపు, ఇంట్లో గోడకుండే స్విచ్ ఒకటి బిగించి ఉంది. తెల్లది. మూలన ఆకుపచ్చ పెయింటు చుక్క. మా వరండా లైటు స్విచ్. తలుపులకు పెయింటు వేసినప్పుడు పడిన చుక్క. పాతదైందని తీసేసి ఆయన కొత్తది వేశారు. పాతది ఏం చేశారని నేను అడగలేదు.

"మీ ఆయన ఏం పని చేసేవారమ్మా?"

"మోటార్లు చుట్టేవారు. సీలింగు ఫాన్లూ, నీళ్ళ మోటార్లూ."

"అదీ సంగతి. నీళ్ళు కాగినప్పుడు ఫాన్‌ని దానంతటదే తిప్పే సెన్సర్ ఒకటుంటది. అది ఎప్పుడో పోయింది. ఆయన కొత్తది కొనలేదు. స్విచ్ పెట్టుకుని, బండి ఆగినప్పుడల్లా చేత్తో వేసుకున్నాడు. మొండి ఘటం. మీకు చెప్పలేదా?"

"చెప్పారు" అన్నాను. "నేనే మర్చిపోయాను."

ఎలా వేసేవారో చూపిస్తానని మేస్త్రి సీట్లో కూర్చున్నాడు. ముందుకు వంగాడు. కుడిచెయ్యి మోకాలి పక్కనుంచి కిందికి వెళ్ళింది. టక్. గుర్రుమంది ఫాను.

సరిగ్గా అలాగే. అదే వంగడం, అదే భుజం. నేను బండి తలుపు పట్టుకుని నిలబడ్డాను. మేస్త్రి మంచినీళ్ళు తెచ్చి ఇచ్చి, "ఎండ దెబ్బమ్మా" అన్నాడు. షెడ్డు నీడలోనే ఉన్నాం. మంచివాడు.

జూన్ 18, బుధవారం

అబద్ధాలకోరు.

తొమ్మిదేళ్ళు. కొత్త పార్టు వేయించానోయ్, ఎక్కు! పార్టు కొనడమంటే ఓడిపోవడం ఆయనకు, ఇంట్లో మిక్సీ కూడా మూడు మోటార్ల శవాలతో కట్టిందే. అది నాకు తెలిసుండి కూడా నమ్మాను. వంగినప్పుడు నేను చూశానని మోకాలన్నారు. నొప్పంటే నూనె తెచ్చాను. తెచ్చినప్పుడైనా చెప్పొచ్చుగా?

ఒత్తు జారితే పట్టుకుంటాను. అక్షరం తలకిందులైతే దూరం నుంచే కనిపెడతాను. రోజూ పక్క సీట్లో కూర్చుని ఇంత పెద్ద తప్పు చూడలేకపోయాను. దీపం కింద చీకటి.

ఒకే ఒక్కసారి ఆయన నోరు తెరిచి ప్రయాణం అడిగారు. లైట్‌హౌస్ చూద్దాం, పైదాకా ఎక్కుదాం అన్నారు. రెండు వందల మెట్లు, మీ మోకాలికి కష్టం అని నేనే మాన్పించాను. "అవునులే" అన్నారు. అంత కోరిక ఉండి కూడా నోరు విప్పలేదు. నాకు ఎంత కోపంగా ఉందంటే, ఎదురుగా ఉంటే ఆ నూనె గిన్నె నెత్తిన బోర్లించేదాన్ని.

ఎదురుగా ఉంటే.

జూన్ 19, గురువారం

ఎడమ మోకాలు.

జూన్ 20, శుక్రవారం

ప్రెస్సులో ఈరోజు ఒకే పేజీ నాలుగుసార్లు చదివాను. ఆఖరికి నవ్వొచ్చింది. డీటీపీ అమ్మాయి తలెత్తి చూసింది. ఏమీ లేదన్నాను. బాత్రూంలోకి వెళ్ళి ఏడ్చాను. చాలాసేపు.

ఎడమ మోకాలికి రాస్తుంటే ఆయన హాయిగా ఉందన్నారు. నొప్పి అసలు ఏ మోకాలికీ లేదు.

మొదట నన్ను బండెక్కించుకోవడానికే దాచారు, సరే. ఒక ఏడాది పోయాక చెప్పుంటే రెండ్రోజులు మాట్లాడకుండా ఉండి మూడోరోజు ఎక్కేదాన్నే. అది ఆయనకూ తెలుసు. అయినా చెప్పలేదు. చెబితే సాయంత్రం పావుగంట పోతుంది. నొప్పి లేదని తెలిస్తే నేను రాసేదాన్నా? "దుక్కలా ఉన్న మనిషికి సేవలెందుకు?" అనేదాన్ని. తప్పకుండా అనేదాన్ని. మా ఇద్దరిలో ఎవరికీ దగ్గరికి రమ్మని అడగడం చేతకాదు. ఆయన ఒక దారి కనిపెట్టారు, వరండా స్విచ్‌తో సహా.

నాకూ ఆ పావుగంట ఇష్టమే. ఇది ఎక్కడా రాయలేదు, ఎవరికీ చెప్పలేదు. నాకు ఆయన కావాలి. బండి కాదు. బండి కూడా కావాలి.

జూన్ 21, శనివారం

చెవి మేస్త్రి కొత్త సెన్సర్ వేశాడు. అరగంట ఊరికే ఆగిన బండిలో కూర్చున్నాం. ముల్లు సగం దాటగానే ఫాను దానంతటదే తిరిగింది, మళ్ళీ ఆగింది, మళ్ళీ తిరిగింది.

"ఇక ఢోకా లేదమ్మా. ఆ స్విచ్ పీకెయ్యనా?"

"ఉంచండి."

"దానికింక పన్లేదమ్మా."

"తెలుసు. పనిచేసేలా ఉంచండి."

మేస్త్రి నా మొహం చూశాడు. ఆ వైరుకు కొత్త టేపు చుట్టాడు. విన్నాకే విప్పే మనిషి.

జూన్ 22, ఆదివారం

పదింటికి చెల్లి, మరిది, ఆ కొనే మనిషి వచ్చారు. కొనేవాడు టైరును కాలితో తన్ని చూశాడు. నాకు ఒళ్ళు మండింది.

"బండి బాగైంది. ఇవ్వను" అన్నాను.

మరిది, "వదినగారూ, రోడ్డు మీద నిలబడితే మళ్ళీ మాకే ఫోన్ చెయ్యాలి కదా" అన్నాడు. అదీ నిజమే. చెల్లి చెయ్యి పట్టుకుని, "ఎక్కవే. ఊరంతా తిప్పుతాను. ఒక్కసారి మరిగినా ఈ కొనేవాడితో పంపించేస్తా" అన్నాను. చెల్లి ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని ఎడమ సీట్లో కూర్చుంది, తలుపు పిడి వదలకుండా. అచ్చం నాలాగే.

కావాలని మార్కెట్ రోడ్డులోంచి వెళ్ళాను. రైలు గేటు పడింది. బండి ఆపాను. ముందు పదిహేను బండ్లు. చెల్లి కళ్ళు ముల్లు మీదే. ముల్లు మెల్లగా సగానికి వచ్చింది. ఇంకో రెండు నిమిషాలుంటే సెన్సర్ తన పని తను చేసుకునేదే. నాకు తెలుసు. ముందుకు వంగి, కుడిచెయ్యి మోకాలి పక్కనుంచి కిందికి పోనిచ్చాను. టక్. ముందు నుంచి గుర్రుమని చప్పుడు.

"ఏంటక్కా, మోకాలు నొప్పా?"

చెబుదామనే నోరు తెరిచాను.

"ఊఁ. కొంచెం" అన్నాను.

"ఎప్పట్నుంచి? చెప్పవేం? అన్నీ నీలోనే దాచుకుంటావు."

గేటు లేచింది. ఊరంతా తిరిగాం. ముల్లు సగం దాటలేదు. ఇంటికొచ్చేసరికి కొనేవాడు విసుగొచ్చి వెళ్ళిపోయాడు. మరిది పేపరు మొహాన వేసుకుని నిద్రపోతున్నాడు. చెల్లి తిన్నగా వంటింట్లోకి వెళ్ళి నూనె వేడిచేసుకుని వచ్చింది. కాళ్ళు చాపుకోమంది. ఆమె అరచేతులు చిన్నప్పటిలాగే గరుగ్గా, వెచ్చగా ఉన్నాయి.

మరిది సంగతీ, పిల్లల సంగతీ చెప్పుకుంటూ ఎడమ మోకాలికి రాయడం మొదలుపెట్టింది.

కళ్ళు మూసుకుని, హాయిగా ఉందన్నాను.